తాబేటిచిప్ప పిడి

సెప్టెంబరు మొదటి మంగళవారం ఉదయం కాఫీ ముగించి, చేతులు శుభ్రంగా తుడుచుకుని, మహీధర్ గారు తమ చదువుగదిలోకి వెళ్ళి ఉక్కుపెట్టె మూత తీశారు. తీయగానే ముక్కుకు సన్నని వాసన ఒకటి తగిలింది. పూజగదిలోంచి కాబోలు అనుకున్నారు. అంతలో చూపు లోపలి కత్తుల మీద పడింది. వాసన సంగతి మరిచిపోయారు.

కత్తులకు తుప్పు పట్టింది.

అవి వంటింటి కత్తులు కావు. ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో పాత పద్ధతిన చేతితో చేసిన జేబుకత్తులు. మడిస్తే అరచేతిలో ఇమిడిపోతాయి. తెరిస్తే పండు కోయడానికో, ఉత్తరం చింపడానికో, ఊరకే చూసుకుని మురిసిపోవడానికో పనికివస్తాయి. ఇటువంటివాటిని పోగుచేసే పిచ్చి ఉన్న తెలుగువారు ఎమిరేట్స్ మొత్తంమీద ఎందరున్నారో లెక్క తెలియదు గాని, ఒకరికొకరు దొరికినవారు మాత్రం నలుగురు. నెలకొక శనివారం కలుస్తారు. కలిసినప్పుడు ముందుగా ముగ్గురు కళ్ళు మూసుకుంటారు, నాలుగోవారు ఒక కత్తిని మూస్తారు. ఆ ‘టక్’ మనే చప్పుడును బట్టి అది ఎవరి కత్తో చెప్పాలి. చెప్పలేనివారు ఆ పూట చాయ్ తెచ్చిపెట్టాలి.

నలుగురిలోనూ పెద్దవారు మహీధర్ గారు. వయసు అరవైతొమ్మిది. కాకినాడలో కాన్వెంటు చదువు, ఆపై ఫుజైరా రేవులో ఓడలకు నింపే ఇంధనాన్ని కొలిచే ఉద్యోగం. ముప్పైయొక్క ఏళ్ళ సర్వీసులో ఆయన కొలిచిన కొలతను మరొకరు తిరిగి కొలవవలసిన అవసరం రాలేదు. ఈ మాట ఆయన తరచు చెప్పేవారు కాదు. చెప్పవలసిన చోట వదిలేవారూ కాదు. పదవీ విరమణ తరువాత కూడా ఫుజైరాలోనే, సముద్రం కనిపించే ఫ్లాటులో, భార్య అనంతలక్ష్మితో స్థిరపడ్డారు.

వేసవి సెలవులకు మిగిలిన ముగ్గురూ స్వదేశం వెళ్తారు. మహీధర్ గారు వెళ్ళరు. అందుచేత జూన్ నెలాఖరున అందరి కత్తులూ ఆయన దగ్గరకు చేరతాయి. ఆయనకు ఓడ మీదివారెవరో ఇచ్చిన పొడుగాటి పెట్టె ఉంది. మూతకు రబ్బరు అంచు, లోపల ఒకే వరుసలో తొమ్మిది గళ్ళు, అడుగున ఆకుపచ్చ ఉన్నిగుడ్డ. గాలి చొరబడదు. ఆ పెట్టెలో పెట్టినదేదీ చెడదని అందరి నమ్మకం. ఆయన నమ్మకం అంతకంటే ఎక్కువ.

ఈ ఏడు పెట్టెలో ఏడు కత్తులున్నాయి. మొదటి మూడు గళ్ళలో సంజనవి మూడు. నాలుగో గడిలో మహీధర్ గారిది. ఐదో గడిలో పోచన్నది. తరువాత రెండు గళ్ళు ఖాళీ. చివరి రెండింటిలో మౌలా సాహెబ్‌వి రెండు. ఖాళీ గళ్ళలో ఒకటి సంజన నాలుగో కత్తిది. దాన్ని జూన్‌లోనే మహీధర్ గారు తిప్పి ఇచ్చేశారు.

“పిడి సెల్యులాయిడమ్మా, పాతకాలపు ప్లాస్టిక్కు. ముత్యపుచిప్ప అని నిన్ను నమ్మించారు. ఇటువంటిదాన్ని మంచివాటి పక్కన పెట్టరాదు,” అన్నారు అప్పుడు. సంజన మొహం చిన్నబుచ్చుకుని సంచిలో వేసుకుంది.

ఇప్పుడు పోచన్న కత్తి తెరవబోతే తెరుచుకోలేదు. గోరుతో బలంగా లాగితే బ్లేడు మీద ఎర్రటి పొర కనిపించింది. పోచన్నకున్నది ఆ ఒక్క కత్తే. ఫుజైరా కొండల్లోని కంకర క్వారీలో మిషను నడిపే జగిత్యాల మనిషి. దుబాయ్‌లోని నైఫ్ అనే పేటలో, పాతసామాను కొట్టులో దాన్ని ఏరి తెచ్చుకుని, క్యాంపులో రోజూ దానితోనే ఉల్లిపాయలు తరిగేవాడు. “షెఫీల్డ్ ఉల్లిగడ్డ” అని స్నేహితులు ఏడిపించినా మానలేదు. ఆ కత్తిమీది గౌరవంతోనే మహీధర్ గారు దాన్ని తమ కత్తి పక్కనే పెట్టారు.

సంజన మూడింటికీ మచ్చలే. మౌలా సాహెబ్ రెండు కత్తులు మాత్రం అద్దంలా మెరుస్తున్నాయి.

మహీధర్ గారికి వెంటనే నూనె గుర్తుకొచ్చింది. మౌలా సాహెబ్ నెల్లూరు జిల్లా కావలి వాడు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో కుట్టుమిషన్లు బాగుచేసే చిన్న షాపు. వదులైన స్ప్రింగు బిగించాలన్నా, ఊడిన రివెట్టు కొట్టాలన్నా అతనే. ప్రతి కత్తినీ తిరిగి ఇచ్చేముందు కుట్టుమిషను నూనె ఒక చుక్క వేసి, పంచెగుడ్డతో తుడిచి, ఒకసారి ‘టక్’ మని మూసి వినిపిస్తాడు. జూన్‌లోనూ అన్నిటికీ అలాగే చేశాడు, ఒక్క మహీధర్ గారి కత్తికి తప్ప. ఆ కత్తిని ఆయన తప్ప ఎవరూ ముట్టుకోరాదు. దానికి వేరే నూనె, వేరే గుడ్డ.

మహీధర్ గారు కళ్ళజోడు సవరించుకుని, ఫోనులో నలుగురి గ్రూపుకు సందేశం రాశారు: “సభ్యులకు మనవి. పెట్టెలోని నాలుగు కత్తులకు తుప్పు పట్టినది. జూన్ మాసంలో మౌలా సాహెబ్ గారు వాటికి వేసిన నూనె ఇందుకు కారణమని భావించవలసి వచ్చుచున్నది. వారి సొంత కత్తులు రెండూ నిర్మలముగా ఉన్నవి. వాటికి వాడిన నూనె వేరేదైనచో తెలియజేయగలరు.”

ఒకసారి చదువుకున్నారు. వ్యాకరణ దోషం లేదు. పంపించారు.

పావుగంటకు మౌలా సాహెబ్ గొంతు వచ్చింది. వెనకాల ఏదో మిషను తిరుగుతోంది. “సారూ, నమస్తే. నేనెప్పుడూ ఏసే నూనే గదా సారూ, కొత్తదేం గాదు. అయినా నా చెయ్యి తగిలినాకనే గదా చెడిందంటున్నారు, నాదే తప్పేమో. శనివారం తెండి, గీకి బాగుజేసిస్తా. ఇంక మీదట మీ ఎవురి కత్తులూ నేను ముట్టుకోనులే. ఖలాస్.”

ఆ చివరి మాట దగ్గర మహీధర్ గారు ఫోనును బల్లమీద బోర్లించారు. మౌలా సాహెబ్ చెయ్యి పడకపోతే ఆ సమావేశానికి అర్థమేముంది? నలుగురు మనుషులు ఒక బల్ల చుట్టూ కూర్చుని చాయ్ తాగడం. అయినా, ఉన్నమాటే కదా రాశాను అని సమాధానపడ్డారు. ఆ సమాధానం భోజనం వేళ వరకు కూడా నిలవలేదు.

మధ్యాహ్నం సంజన ఫోను చేసింది. కరీంనగర్ అమ్మాయి, దుబాయ్‌లో ఇన్సూరెన్సు కంపెనీలో, ఓడల్లో పాడైన సరుకు చూసి ఎందుకు పాడైందో తేల్చే ఉద్యోగం.

“అంకుల్, భాయ్‌ను అట్లెట్ల అన్నరు? ఇన్నేండ్ల సంది గదే నూనె పోస్తుండు గద.”

“మరి తుప్పు ఎలా పట్టిందమ్మా? నాలుగు కత్తులు పాడయ్యాయి.”

“మా ఆఫీసుల సరుకు పాడైతే, ఏది పాడైందని ముందుగాల అడగం అంకుల్. ఏది పాడుగాలేదు, అదెక్కడున్నది అని అడుగుతం. మీరొక పని చెయ్యున్రి. ఏ కత్తి ఏడ ఉండెనో అట్లనే పెట్టి ఫోటో తీయున్రి. దేనికెంత తుప్పుందో రాయున్రి.”

ఒకరు చెప్తే చేయడం మహీధర్ గారికి అలవాటు లేదు. కాని కొలవమంటే కాదనడం అంతకన్నా అలవాటు లేదు. కాగితం మీద తొమ్మిది గళ్ళు గీశారు. భూతద్దం పెట్టి ఒక్కొక్క బ్లేడునూ చూసి, తుప్పు ఎంత మేర పాకిందో గుర్తించారు. మొదటి గడి: నాలుగు చుక్కలు. రెండు: పావువంతు. మూడు: సగానికి పైగా. ఐదు, అంటే పోచన్నది: దాదాపు మొత్తం. ఎనిమిది, తొమ్మిది: ఏమీ లేదు.

గీతలు కలిపితే కొండ ఆకారం వచ్చింది. ఇటు ఎక్కుతోంది, అటు దిగుతోంది. శిఖరం ఉండవలసిన చోట, నాలుగో గడిలో, ఆయన ఇంకా ఏమీ రాయలేదు. తమ కత్తిని ఆయన చూడనేలేదు.

చూడకపోవడానికి కారణముంది. ఆ కత్తిని ఎప్పుడూ అన్నిటికంటే చివరనే తీసేవారు. అది ఆయన పెట్టుకున్న మర్యాద. తొంభైయొకటిలో ఒక ఇంగ్లీషు ఓడ కెప్టెను ఉద్యోగం చాలించి వెళ్ళిపోతూ ఆయనకు జ్ఞాపకంగా ఇచ్చాడు. వెంట చిన్న చీటీ: ‘షెఫీల్డ్. అసలైన తాబేటిచిప్ప పిడి.’ తేనెరంగులో నల్లటి మబ్బులు కమ్మినట్టుండే ఆ పిడిని వెలుతురుకెత్తి చూపిస్తూ, తాబేటిచిప్పను ఆవిరిలో ఎలా మెత్తబరచేవారో, ఎలా పలకలుగా వంచేవారో, ఆయన ప్రతి సంవత్సరం ఒక్కసారైనా వివరించేవారు. పోచన్నకు ఆ కథ నోటికొచ్చు.

మహీధర్ గారు కత్తిని చేతిలోకి తీసుకున్నారు. పిడి కొద్దిగా జిగటగా తగిలింది. ఇత్తడి రివెట్ల చుట్టూ పచ్చటి చిలుము. బ్లేడు తెరవబోతే కరకరలాడింది. సగం వరకే వచ్చింది. ఆ సగమూ తుప్పే. పోచన్నదానికంటే ఎక్కువ తుప్పు.

మౌలా సాహెబ్ నూనె ఒక్క చుక్కయినా తాకని కత్తి అది.

ఆయన కత్తిని బల్లమీద పెట్టారు. తరువాత గుమ్మం దగ్గరకు వెళ్ళి అడిగారు: “లక్ష్మీ, పొద్దున్న పూజలో కర్పూరం వెలిగించావా?”

“కర్పూరమా? హారతిస్తే పొగ గంట మోగి, వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు కదండీ రంజాన్ ముందు. అప్పట్నించీ నూనె దీపమే. కర్పూరం డబ్బా మూతైనా తియ్యలేదు. ఏం?”

“ఏమీ లేదు. గదిలో వాసన వస్తేనూ.”

“నాకు జూలై నించీ వస్తోంది. చెప్తే మీరు వినరని చెప్పలేదు. ఆ గదిలో ఏసీ కూడా ఆపించేశారాయె, ఎవరూ కూర్చోరని. పొయ్యిలా ఉంటుంది.”

సంజనకు జూన్‌లో తాము చేసిన ఉపన్యాసం మహీధర్ గారికి మాట మాటగా జ్ఞాపకముంది. సెల్యులాయిడ్ తయారీలో కర్పూరం కలుపుతారు. వయసు మీరి, వేడి తగిలితే ఆ ప్లాస్టిక్కు చెమర్చి, ఆమ్లపు ఆవిరి వదులుతుంది. మూసిన పెట్టెలో ఆ ఆవిరి పక్కనున్న ఉక్కును తినేస్తుంది. పరీక్ష చాలా తేలిక. బొటనవేలితో పిడిని గట్టిగా, వేడెక్కేదాకా రుద్ది, వాసన చూడాలి. కర్పూరం వాసన వస్తే సెల్యులాయిడ్. తాబేటిచిప్ప అయితే వెంట్రుక కాలినట్టు సన్నగా వాసన వస్తుంది, లేదా ఏ వాసనా రాదు.

ముప్పైరెండేళ్ళలో ఎన్ని కత్తులను అలా రుద్ది చూశారో లెక్కలేదు. ఈ ఒక్కదాన్ని రుద్దలేదు. అనుమానమే లేనిదాన్ని ఎవరు పరీక్షిస్తారు?

బొటనవేలు పిడిమీద పెట్టారు. పెట్టి, తీసేశారు.

రుద్దితే తెలిసిపోతుంది. ఒంటరిగా తెలుసుకున్నదాన్ని ఒంటరిగా దాచుకోవచ్చు. ఆ కత్తిని ఎవరూ ముట్టుకోరు, ఎవరూ అడగరు. నూనె మాట అలాగే ఉండిపోతుంది. మౌలా సాహెబ్ తప్పు ఒప్పుకోనే ఒప్పుకున్నాడు. తమ సంగతి తమకు బాగా తెలిసిన మనిషి గనుక, మహీధర్ గారు రుద్దకుండానే కత్తిని జేబురుమాలులో చుట్టి విడిగా పెట్టారు. పెట్టెకు మూత వేయలేదు. ఆ రాత్రి చదువుగదిలో ఏసీ వేయించారు.

శనివారం కొండల మధ్య రోడ్డు మీదుగా షార్జా చేరేసరికి సాయంత్రం ఐదయింది. దారిలో క్వారీ దగ్గర పోచన్నను ఎక్కించుకున్నారు. పోచన్న తన కత్తిని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“క్షమించు పోచన్నా. నా దగ్గర పెట్టినందుకు ఇలా అయింది.”

“నేను రోజు ఉల్లిగడ్డ కోస్తే మీరంతా నవ్విరి సారు. కోసినన్ని రోజులు మంచిగనే ఉండె. పండుకోవెడితే పాడైంది. మనిషైనా గంతే గద.” కొంచెం ఆగి అన్నాడు: “సాహెబ్ మాత్రం గట్ల చెయ్యడు సారు. మీరు రాసింది మంచిగనిపియ్యలే.”

మహీధర్ గారు రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. “నాకూ అనిపించడం లేదు,” అన్నారు.

షాపులో మౌలా సాహెబ్ మిషన్లన్నీ గోడవారకు జరిపి, మధ్యలో బల్ల వేసి ఉంచాడు. సంజన అప్పటికే వచ్చింది. బల్లమీద సన్నటి గీకుడు కాగితాలు, మెత్తటి గుడ్డలు సర్ది ఉన్నాయి. ఎప్పుడూ ఉండే నూనె సీసా మాత్రం లేదు. ఆ ఖాళీ జాగా ముందుగా కనిపించింది మహీధర్ గారికే.

“రాండి సారూ, కూర్చోండి. ప్రయాణం బాగా జరిగిందా?” మౌలా సాహెబ్ కుర్చీ తుడిచి జరిపాడు. మర్యాదలో వెలితి లేదు. కాని ప్రతిసారీ వేసే వేళాకోళమూ లేదు. కళ్ళు మూసుకునే ఆట ఆడదామని ఎవరూ అనలేదు.

మహీధర్ గారు కూర్చోలేదు. కోటు జేబులోంచి రుమాలు తీసి, విప్పి, తాబేటిచిప్ప పిడి కత్తిని మౌలా సాహెబ్ ముందుకు చాపారు.

మౌలా సాహెబ్ చేతులు వెనక్కి తీసుకున్నాడు. “మీదా? నేను ముట్టనని చెప్పినాను గదా సారూ. అదీ గాక, ఇది మామూలుగానే ఎవురూ ముట్టగూడదు.”

“ముట్టుకోండి సాయిబు గారూ. ముట్టుకుని, పిడిని వేడెక్కేదాకా రుద్దండి. వాసన చూసి ఏం వాసనో చెప్పండి. నేనింకా చూడలేదు.”

సంజన తల ఎత్తింది. ఆమెకు అర్థమైంది. 

మౌలా సాహెబ్ పెద్ద బొటనవేలు పిడిమీద ముందుకూ వెనక్కూ ఆడింది. ముప్పై సార్లు, నలభై సార్లు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక్క క్షణం అతని కళ్ళు మహీధర్ గారి మొహం మీద నిలిచి, పక్కకు తప్పుకున్నాయి.

“నాకు రెండు దినాల్నించి జలుబు సారూ,” అన్నాడు నెమ్మదిగా. “ముక్కు పనిజెయ్యట్లా. ఏం తెలీట్లేదు.”

అతనికి జలుబు లేదు. ఇందాకటినుంచీ మాట్లాడుతున్న గొంతు ఖంగుమంటూనే ఉంది. మహీధర్ గారు కత్తిని తీసుకుని పోచన్నకు ఇచ్చారు.

పోచన్న రుద్దాడు. క్వారీలో రాళ్ళు ఎత్తిన చెయ్యి. పది రుద్దులు చాలాయి. వాసన చూసి, మళ్ళీ చూసి, సంతోషంగా అన్నాడు: “గుళ్లె హారతి వాసనస్తున్నది సారు. కర్పూరమే. కండ్లకద్దుకోవాల్నా?”

ఎవరూ నవ్వలేదు. ముందుగా నవ్వినవారు మహీధర్ గారే. పెద్దగా కాదు, ముక్కుతో, పొట్టిగా. ఆ తరువాత కత్తిని తామే తీసుకుని వాసన చూశారు. అనుమానానికి తావే లేదు.

“తాబేటిచిప్ప కాదు,” అన్నారు నిలబడే. “సెల్యులాయిడ్. మీ కత్తులను పాడుచేసింది దీని ఆవిరి. నూనెకు ఏ సంబంధమూ లేదు. అసలు నూనె తగలని కత్తికే అన్నిటికంటే ఎక్కువ తుప్పు పట్టింది. మంగళవారం మధ్యాహ్నానికే నాకు ఈ అనుమానం కలిగింది. శనివారం దాకా ఆగాను. అది రెండో తప్పు. సాయిబు గారూ, నేను రాసిన మాటలు ఉపసంహరించుకుంటున్నాను. ముఖ్యంగా చివరి వాక్యం.”

మౌలా సాహెబ్ గడ్డం గోక్కున్నాడు. “మీ తెలుగు నాకు సగం అర్థం గాలా సారూ. మా అమ్మాయి తస్లీమా చదివి చెప్పింది. సగం దాకా చెప్పినాక, మిగతాది వొద్దులే అన్నా.”

“అయితే చివరి వాక్యం వినలేదా?”

“విన్లా. ఏం రాసినారు?”

మహీధర్ గారు సంజన వైపు చూశారు. సంజన పైకప్పు వైపు చూసింది. “అంత ముఖ్యమైనది కాదు,” అన్నారాయన.

“చూసినవా అన్నా, అంకుల్ మొదటిసారి అబద్ధం చెప్పిండు,” అంది సంజన పోచన్నతో. ఈసారి అందరూ నవ్వారు.

కుర్చీ జరిగింది. చాయ్ వచ్చింది. మౌలా సాహెబ్ కత్తిని దీపం కిందికి తెచ్చి వంగి చూశాడు. “ఈ పిడి దీనికి ఉన్నన్నాళ్ళు బ్లేడును తింటానే ఉంటది సారూ. ఊడగొట్టాల. సరేనా?”

ముప్పైరెండేళ్ళ కథ ఆ పిడిమీదే ఉంది. మహీధర్ గారు చాయ్ కప్పు పక్కన పెట్టి, “సరే,” అన్నారు.

రివెట్లు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. తేనెరంగు పలక రెండు ముక్కలై బల్లమీద పడింది. కింది ఇత్తడి రేకు బయటపడింది. నలుగురి తలలూ దానిమీదికి వంగాయి.

“ఇదేంది?” మౌలా సాహెబ్ సూదిమొనతో చూపించాడు. ఇప్పుడు తీసిన రివెట్ల బెజ్జాలు మూడు. వాటి పక్కనే, ఇత్తడితో పూడ్చేసిన పాత బెజ్జాలు మరో రెండు. “ఎవురో ఇంతకుముందే ఒకసారి పిడి మార్చినారు సారూ. మొదట ఉన్నది వేరే పిడి.”

“అంటే మొదటిది అసలు తాబేటిచిప్పనే అయ్యుంటది,” సంజన గొంతులో ఆత్రం. “అది పగిలితే, అట్లనే కనిపించేది ఏసిన్రు. కెప్టెన్ చీటీ కూడ నిజమే అయితది అంకుల్.”

మహీధర్ గారు భూతద్దం పెట్టి ఆ రెండు బెజ్జాలను చాలాసేపు చూశారు. ఎంత నున్నగా పూడ్చాడో ఆ పనివాడు. ఎవరో, ఏ ఊళ్ళోనో, ఏ ఓడమీదో. మొదటి పిడి కొమ్మా, ఎముకా, కర్రా, తాబేటిచిప్పా? సంజన అందించిన మాటను అందుకుంటే, వచ్చే ఏడు చెప్పడానికి కొత్త కథ సిద్ధంగా ఉంది. పాతదానికంటే బాగుంటుంది కూడా.

“అయి ఉండవచ్చు,” అన్నారు భూతద్దం దించి. “కాకపోనూ వచ్చు. రెండు బెజ్జాలను చూసి తాబేలును చెప్పలేమమ్మా. తెలియదు.”

ఆ మాట ఆయన నోట వినడం ఆ ముగ్గురికీ అదే ప్రథమం.

“మా ఊరికెళ్లి బర్రెకొమ్ము తెస్త సారు,” అన్నాడు పోచన్న. “నడుస్తదా?”

“నడుస్తుంది. బర్రెకొమ్మనే చెప్పుకుందాం.”

మౌలా సాహెబ్ గీకుడు కాగితంతో బ్లేడుమీది తుప్పు నెమ్మదిగా తీశాడు. పూర్తిగా పోలేదు, మొన దగ్గర గుంటలు పడిన మచ్చ మిగిలింది. గుడ్డతో తుడిచాడు. తుడిచి, అలవాటుగా కుడివైపు చెయ్యి చాపాడు. అక్కడ సీసా లేదు. చెయ్యి ఆగిపోయింది.

మహీధర్ గారు లేచి, గోడవారనున్న మిషన్ల వెనక వెతికి, జిడ్డోడుతున్న ఆ సీసాను తామే తెచ్చి బల్లమీద పెట్టారు.

“నూనెయ్యమంటారా సారూ?” అన్నాడు మౌలా సాహెబ్. “మీదానికి వేరే నూనె గదా.”

“వేయండి సాయిబు గారూ,” అన్నారాయన. “అందరివాటికీ వేసేదే.”